పట్టుకునేటాయన

మొన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. తెర మీద ‘పట్టుకునేటాయన’ అని కనిపించింది. ఆయనా నేనూ మాట్లాడుకుని ఏడాది దాటింది. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో ఎత్తి, “ఏమన్నా, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?” అని నిష్ఠూరంగా అడిగాను.

అవతల ఆడగొంతు. “నమస్తే మేడం. కలెక్టర్ మేడమేనా?”

నా ఉద్యోగమంతా పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని ఉత్తరాల మీద ముద్రలు కొట్టడంతోనే గడిచింది. నన్ను పోస్ట్‌మాస్టరమ్మ అని కూడా ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. రిటైరయ్యాక కలెక్టర్‌నయ్యానా అనుకుని, రాంగ్ నంబర్ అనబోయి ఆగాను. నంబరు ఆయనదే కదా.

“ఎవరు బిడ్డా నువ్వు?”

“మా అబ్బ ఫోన్‌ల మీ నంబరు కలెక్టర్ అని ఉన్నది మేడం. మా అబ్బ పేరు ఆధార్‌ల ఒక తీరు, రేషన్ కార్డుల ఒక తీరు ఉన్నది. రెండు పేర్లు ఒక్క మనిషివే అని పెద్దోళ్ల సంతకం కావాలంట. అబ్బకు మీరు ఎరుకేమో, జర ఒక మాట చెప్తరేమో అని చేసిన.”

“మీ అబ్బ ఏడి? ఆయనకియ్యి ఫోన్, నేను మాట్లాడుత.”

“అబ్బ పోయిండు మేడం. నెల దాటింది.”

కలిపిన పెరుగన్నం చేతి మీదనే ఆరిపోయింది. పది నిమిషాలాగి నేనే చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నెల దాటిందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేను ఆయనకు ఎవరిని? ఆ ఫోన్‌లో నేను కలెక్టర్‌ని. మా నాయన పోయాడని కలెక్టర్‌కి ఫోన్ చేసి ఎవరు చెప్తారు?

కలెక్టర్ మా కుక్క పేరు. మా అమ్మ పెట్టింది. వీధిలో పుట్టిన కుక్కే. అయినా పొద్దున్నే గల్లీలోకి బయలుదేరితే ప్రతి గడప ముందూ ఆగి చూసి, ప్రతి మోరీనీ తనిఖీ చేసి, ఎవరినీ పలకరించకుండా తిరిగొచ్చేవాడు. “కలెక్టర్ దౌరాకు పోయిండు” అనేది అమ్మ. అమ్మ పోయాక ఇంట్లో వాడూ నేనూ మిగిలాం. పెళ్లీ గిళ్లీ లేని మనిషిని. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు.

ఆయన సంగతికొస్తే, ఆయన పేరు ఇబ్రహీంపట్నంలో ఎవరికీ పట్టలేదు. సాగర్ రోడ్డు పక్కన ఒక షట్టర్ గదిలో కుక్కల దవాఖాన ఉండేది. బోర్డు మీద డాక్టర్ పేరుండేది. ఆయన పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆయన పని కుక్కను పట్టుకోవడం. సూది వేసేటప్పుడు, కట్టు కట్టేటప్పుడు, గోళ్లు కత్తిరించేటప్పుడు బల్ల మీద కుక్క కదలకుండా పట్టుకోవాలి. “పట్టుకునేటాయన ఉన్నడా?” అని ఫోన్ చేసి కనుక్కుని, ఉన్నాడంటేనే కుక్కను ఆటో ఎక్కించేవాళ్లు జనం. డాక్టర్ ఉన్నాడా అని అడిగేవాళ్లు తక్కువ.

మనిషి సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. చేతులు మాత్రం వేరే మనిషివి తెచ్చి అతికించినట్టుండేవి. మోచేతుల దాకా గాట్లు. టీ తాగుతూ చొక్కా చేతులు పైకి మడిచి, చుట్టాలను పరిచయం చేసినట్టు ఒక్కొక్క గాటునూ చూపించేవాడు. “గిది బడంగ్‌పేట్ డాబర్మన్. పాపం, అది భయంల కరిసింది. గిది తెల్ల పామెరియన్. ఉన్నది గింతంత, కోపం మాత్రం మస్తు. గిది ఏ కుక్కనో యాదికొస్తలేదు గని మంచి కుక్కనే.” కరిచిన కుక్కను ఆయన తిట్టగా నేను వినలేదు. “దానికి పండ్లున్నయి, నాకు చేతులున్నయి, లెక్క సరిపాయె” అనేవాడు.

ఆయన పట్టుకునే పద్ధతి ఎవరికీ రాలేదు. ఎడమచెయ్యి కుక్క మెడ కిందుగా పోయేది. కుడి మోచెయ్యి నడుం మీద పడేది. చెంప తీసుకెళ్లి దాని చెవికి ఆనించేవాడు. ఇక ఒకటే పాట. “ఊకో బిడ్డా, ఊకో. అయిపాయె, అయిపాయె.” అప్పటిదాకా గది పైకప్పు లేచిపోయేలా అరిచిన కుక్క కూడా ఆ మాటకు నోరు మూసుకునేది. డాక్టర్ పని కానిచ్చేవాడు.

పుస్తకాల్లో ఊరుకో అని రాస్తాం. మా దిక్కు ఊకో. ఏడ్చేవాళ్లను ఓదార్చడానికీ ఇదే మాట, వాగేవాళ్ల నోరు మూయించడానికీ ఇదే మాట. ఏది ఎప్పుడో గొంతును బట్టి తెలుసుకోవాలి. ఆయన గొంతులో అది ఓదార్పే. అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఆయనకు రెండు చొక్కాలుండేవి. నీలం చొక్కా కుక్కలకు, తెల్ల చొక్కా నమాజుకు. తెల్లది తలుపు వెనక మేకుకు వేలాడేది. వేళకు నీలం విప్పేసి, సబ్బుతో చేతులు మోచేతుల పైదాకా ఒకటికి నాలుగుసార్లు కడుక్కుని, తెల్లది తొడుక్కుని పోయేవాడు. కుక్క నోరు తగిలితే కడుక్కోవాలి, అది వాళ్ల నియమం. మావాళ్లలో వేళాకోళం చేసేవాళ్లకు కొదవా? “మీరు కుక్కలను ముట్టరు గదనే, నీకిదేం పని?” అనేవాళ్లు. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. “ముడితె కడుక్కుంట, పోతది. ముట్టకుంటె దాని పుండు మానుతదా?” అని నల్లా తిప్పేవాడు.

కలెక్టర్‌కి ఆరేళ్లప్పుడు సాగర్ రోడ్డు మీద ఎవడో బైకు గుద్దించి ఆగకుండా పోయాడు. వెనక తొడ మీద చర్మం లేచి వేలాడుతోంది. ఎత్తుకుని ఆటోలో తీసుకెళ్లాను. నా చీరె నిండా నెత్తురు. అప్పటి డాక్టర్ పెద్దాయన. కుట్లు వేయాలన్నాడు. మత్తు ఇస్తారా అని అడిగాను. “మత్తెందుకమ్మా, ఐదు నిమిషాల పని. పట్టుకునేటాయన ఉన్నడు గద” అన్నాడు.

ఆయన వచ్చి పట్టుకున్నాడు. మెడ కింద చెయ్యి, నడుం మీద చెయ్యి, చెవికి చెంప. నేను బల్లకు ఇటువైపు, కలెక్టర్ ముఖానికి ఎదురుగా నిలబడ్డాను. సూది తొడలో దిగుతోంది, దారం లాగుతున్నారు, మళ్లీ సూది. కలెక్టర్ కుయ్యిమనలేదు. ఒక్క వెంట్రుక కదల్లేదు. నా వైపే చూస్తున్నాడు. “ఊకో బిడ్డా, ఊకో” అని ఆయన గొంతు. అంతే.

బయటకు వచ్చాక ఆయనకు దండం పెట్టినంత పని చేశాను. “నీ చేతుల మంత్రమున్నదన్నా” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “నాది మంత్రం గాదు చెల్లె, నీ కుక్క గట్టిది” అన్నాడు గానీ ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, తర్వాత ఏళ్ల తరబడి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు. “నేను కలెక్టర్‌నే కదలకుండ పట్టిన” అని. విన్నవాళ్లు బిత్తరపోయి చూస్తే పడీ పడీ నవ్వేవాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా గల్లీలో అందరికీ చెప్పాను. నాకు పంటి నొప్పి వస్తే ఇల్లు పీకి పందిరేస్తాను గానీ మా కలెక్టర్ అట్లా కాదు, కుట్లేస్తుంటే ఊకున్నాడు అని.

కొన్నేళ్లకు పెద్ద డాక్టర్ దవాఖాన వదిలేసి వెళ్లిపోయాడు. ఆ గదిలోకి కొత్తగా చదువుకున్న అమ్మాయి డాక్టర్‌గా వచ్చింది. ఆమె ఏది చేసినా ముందు సూది. కుట్లకు సూది, పన్ను పీకడానికి సూది, పుండు కడగడానికి కూడా సూది. నొప్పి తెలియకుండా మందిచ్చి, అది పనిచేసేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. అప్పుడు కుక్క కళ్లు వాలేసి తనంతట తానే పడుకునేది. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి సిద్ధంగా నిలబడేవాడు. ఆ చేతులకు పనుండేది కాదు. “చాచా, మీరు కూసోండి” అనేది ఆమె మంచిగానే.

ఒకసారి కలెక్టర్‌కి పిచ్చి కుక్క కాటు టీకా వేయించడానికి వెళ్తే, బయట బెంచీ మీద కూర్చుని నాతో మొరపెట్టుకున్నాడు. “ఇప్పుడు మందే పట్టుకుంటున్నది చెల్లె. నేనేమో దర్వాజ పట్టుకుంటున్న.” నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పని పోతుందన్న ఫికర్ కాదది. ఆ పిల్ల ఆయన్ను తీసేయలేదు, తీసేస్తాననలేదు. ముసలివాడికి తనకు వచ్చిన ఒక్క విద్యా అక్కర్లేకుండా పోయింది. ఆ బాధ ఎవరితో చెప్పుకుంటాడు?

అటు తర్వాత కొన్నాళ్లకు ఒక శుక్రవారం, నమాజు తర్వాత, ఆయన మా గేటు ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ మా ఇంటికి వచ్చిన మనిషి కాదు. తెల్ల చొక్కాలో ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“డాక్టరమ్మ గోడకు ఒక పటం పెట్టింది చెల్లె” అన్నాడు. “నొప్పి ఉన్న కుక్క ఎట్లుంటది, లేనిది ఎట్లుంటది అని బొమ్మలు. అండ్ల ఒక కుక్క ఊకె పండుకున్నది. మెదలదు, మొరగదు. గిది మంచిగనే ఉన్నది గదమ్మా, గిదెందుకు పెట్టినవ్ అన్న. డాక్టరమ్మ అన్నది, చాచా, అది మంచిగ లేదు, బిగుసుకపోయింది. భయానికి, నొప్పికి కొన్ని అరుస్తయి, కొన్ని గిట్ల బిగుసుకపోతయి. గివి ఎక్కువ బాధల ఉన్నట్టు అన్నది.”

ఆయన గేటు పట్టుకుని నా ముఖంలోకి చూశాడు.

“కలెక్టర్‌కు కుట్లేసిన రోజు నేను దాని మెడ దిక్కున్న. నా చెంప చెవికున్నది. నాకు దాని మొఖం కనపడలే. ముప్పై ఏండ్ల సంది ఒక్క కుక్క మొఖం గూడ నాకు కనపడలే చెల్లె, నేను పట్టే తీరే అది. నువ్వు ఎదురుంగ నిలవడ్డవ్. దాని కండ్లు ఎట్లుండె?”

అబద్ధం చెప్పొచ్చు. యాదికి లేదన్నా అంటే సరిపోయేది. ఆయన ఆ ఒక్క మాట కోసమే వచ్చాడేమో కూడా. కానీ ఆ కళ్లు నేను మరిచిపోలేదు. చూసిన రోజు నుంచీ లోపల ఎక్కడో ఉండనే ఉన్నాయి. వాటికి ఓపిక అని పేరు పెట్టుకుని గల్లీ అంతా చెప్పుకు తిరిగాను.

“పెద్దగ ఉండె అన్నా” అన్నాను. “నల్లగ, గుండ్రంగ. రెప్ప గూడ కొట్టలే. నన్నే చూస్తుండె.”

ఆయన తల ఊపాడు. “నేను ఊకో అన్న. అది ఊకున్నది. నొప్పి ఊకోలే.”

వాకిట్లో నల్లా దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. కుక్కను ముట్టలేదు, దేన్నీ ముట్టలేదు. మోచేతుల పైదాకా రుద్ది రుద్ది కడిగాడు. చివరికి నల్లా కట్టేసి, తడి చేతులు చూసుకుని, “కడుక్కుంటె పోయేది గాదు గిది” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఒక్కడి తప్పా అది? ఎదురుగా నిలబడి చూసినదాన్ని నేను. మంత్రమన్నది నేను.

ఆ సమయానికే కలెక్టర్ లోపలి నుంచి బయటకు వచ్చాడు. వాడు లేచే తీరు ఆయన కళ్లబడింది. ముందుకాళ్ల మీద బరువంతా వేసి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ లేచాడు.

“ఇట్ల ఎన్ని దినాల సంది?”

“ముసలోడైండు గదన్నా. ఏడాదైతుంది. మెట్లెక్కుత లేడు, దౌరాకు పోతలేడు. పాలాయన వస్తె మొరుగుడు గూడ బందు చేసిండు. మంచిగ ఊకుంటున్నడు.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇంకో ఘనకార్యం కూడా ఉంది, అదీ చెప్పేశాను. మరీ కుంటుతున్న రోజున నా మోకాళ్ల నొప్పుల గోలీ సగం విరిచి బెల్లంలో పెట్టి మింగిస్తున్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. “వామ్మో, మన గోలీలు దానికి పెట్టొద్దు చెల్లె! దాని కడుపుల పుండ్లైతయి, కిడ్నీలు ఖరాబైతయి. డాక్టరమ్మ రోజుకు పదిమందికి గదే చెప్తది. నడు, ఆటో తెస్త.”

ఆ అమ్మాయి కలెక్టర్‌ని నేల మీదే కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుని, తుంటి కీలు మీద రెండు వేళ్లతో మెత్తగా నొక్కింది. కలెక్టర్ అరవలేదు. నాలుకతో ఒకసారి మూతి నాక్కుని తల పక్కకు తిప్పుకున్నాడు. “గదే” అంది ఆమె. “గదే నొప్పి అనుడు. వీళ్ల భాష గింతనే ఉంటది ఆంటీ.” కీళ్లు అరిగిపోయాయట. ముసలితనం వేరు, నొప్పి వేరు, ముసలితనానికి మందు లేదు గానీ నొప్పికి ఉందని చెప్పింది. ముందు రక్తం పరీక్ష చేసింది. కుక్కలకు ఇచ్చే గోలీ రాసి, రోజూ తిండితో పాటే పెట్టమంది. బరువు తగ్గించమంది, నున్నటి బండల మీద చాపలు పరవమంది, మెట్ల పక్కన ఏటవాలుగా చెక్క వేయించమంది. పొద్దున లేచేటప్పుడు ఎట్లా లేస్తున్నాడో ఫోన్‌లో తీసి పెట్టమంది.

పది పన్నెండు రోజులయ్యాయి. ఒక తెల్లవారి పాలాయన గేటు తీశాడో లేదో, లోపలి నుంచి ఒక్క మొరుగు. బొంగురు గొంతుతో, కలెక్టర్ సీట్లో మళ్లీ కూర్చున్నట్టు. తర్వాత ఇంకోటి. పాలాయన క్యాను కింద పెట్టేసి, “ఓయమ్మో, వీనికి మళ్ల పానమొచ్చె” అన్నాడు. ఏడాది పాటు వీడికి బుద్ధొచ్చిందనుకున్నాను. బుద్ధి కాదు, మొరిగితే నడుం కదులుతుందని మొరగలేదు. ఆయనకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోన్‌ను కలెక్టర్ నోటి దగ్గర పెట్టాను. వాడు మంచి మర్యాద నేర్చినవాడిలా రెండుసార్లు మొరిగాడు. అటువైపు నుంచి, “ఎవరు? కలెక్టరా?” అని వినిపించింది. నా నంబరు ఆ పేరుతో దాచుకున్నది ఆ పొద్దే అయ్యుండాలి.

ఆ తర్వాత శుక్రవారాలు వచ్చేవాడు. వాకిట్లో నిలబడి కలెక్టర్ లేవడం, నడవడం, చెక్క మీదుగా దిగడం చూసేవాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూసేవాడు. ఎప్పుడూ ముందుకు చాపి ఉండే ఆ చేతులు అట్లా వెనక దాక్కోవడం నాకు చూడబుద్ధి కాకపోయేది. ఒకసారి అడిగితే, “నా చేతులు జూస్తె దానికి ఆ రోజు యాదికొస్తదేమో” అన్నాడు.

వాడికి ఏం యాదికొచ్చిందో ఏమో. ఒక శుక్రవారం మెట్టు మీద కూర్చున్న ఆయన దగ్గరికి తనే వెళ్లి, వాసన చూసి, ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆయన కదల్లేదు. ముట్టుకోనూ లేదు. చేతులు వెనకే ఉన్నాయి. మసీదులో మళ్లీ పిలుపు వచ్చేదాకా, దాదాపు మూడు గంటలు, అట్లాగే కూర్చున్నాడు. ఇన్నాళ్లూ కుక్కలను కదలనివ్వని మనిషి కుక్క కోసం తాను కదలకుండా కూర్చున్నాడు. లేచేటప్పుడు ప్యాంటు మీద చొంగ మరక చూసుకుని, “ఇగ రెండో ప్యాంటు గూడ తెచ్చుకోవాలె” అని నవ్వాడు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

కలెక్టర్ ఇంకా రెండేళ్లు బతికాడు, మంచి రెండేళ్లు. ఆ తర్వాత నొప్పి గోలీకి, సూదికి లొంగని రోజు వచ్చింది. డాక్టరమ్మ ఇంటికే వచ్చింది, ఆయన్ను వెంటబెట్టుకుని. ముందు గదిలో చాప మీద కలెక్టర్ పడుకుని ఉన్నాడు. ముందు నిద్ర మందిస్తాను, అది పూర్తిగా పట్టాకే చివరి సూది, వాడికి ఏమీ తెలియదు అని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది.

అలవాటుగా ఆయన వైపు చూశాను. ఆయన చేతులు చాపలేదు. “నువ్వు పట్టుకో చెల్లె. మెడ దిక్కు గాదు, ఎదురుంగ కూసో. కండ్లు నీ దిక్కు ఉండనీ” అన్నాడు.

కూర్చుని వాడి తల ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి సూది పడింది. కొంచెంసేపటికి ఆయన వెనక నుంచి అడిగాడు, “కండ్లు ఎట్లున్నయి?”

“చిన్నగైనయి అన్నా. నిద్రొస్తున్నట్టున్నయి.”

“అట్లైతె మంచిది” అన్నాడు.

అంతా అయ్యాక నేను ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు ఇంటి నిండా జనం. నేను నోరు తెరిస్తే చాలు, ఊకో ఊకో అని నాలుగు దిక్కుల నుంచీ అనేవాళ్లు. నా మంచికే అన్నారు. నేను మూడో రోజుకే ఊకున్నాను. ఆ ఏడుపు ఎటు పోయిందో ఆ రోజు తెలిసింది. కలెక్టర్‌తో పాటు అమ్మ కోసం కూడా ఏడ్చాను. ఆయన పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊకో అనలేదు. ఇంత వయసులో, నేను ఏడుస్తుంటే ఆ మాట అనని మొదటి మనిషి ఆయన. నాదంతా అయ్యేదాకా కూర్చుని, లేచి, నల్లా దగ్గర చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

తర్వాత పని మానేసి మహేశ్వరం దిక్కు బిడ్డ ఇంటికి పోయాడని డాక్టరమ్మ చెప్పింది. ఎంత దూరం? బస్సెక్కితే పూట పని. ఫోన్ చేద్దామని ఎన్నిసార్లో పేరు దాకా పోయి ఆగాను. కుక్క లేని ఇంటి నుంచి కుక్కలు పట్టే మనిషికి ఏమని ఫోన్ చేయను? బాగున్నారా అంటే బాగున్న అంటాడు, ఆ తర్వాత? ఆయనా అక్కడ నా నంబరు చూసుకుని ఇట్లాగే ఆగిపోయాడేమో. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. పాలాయన కూడా గేటు చప్పుడు కాకుండా పాలు పోసిపోతున్నాడు.

పది నిమిషాలన్నదాన్ని, సాయంత్రానికి గానీ ఆ పిల్లకు ఫోన్ చేయలేకపోయాను. కలెక్టర్ ఎవరో చెప్పాను. కుక్క అనేసరికి ఆ పిల్ల ఫక్కున నవ్వింది. “కుక్కనా! మేము ఇంటిల్లిపాది మూడు దినాల సంది మాట్లాడుకుంటున్నం, అబ్బకు కలెక్టర్ ఎట్ల దోస్తైండో అని.” సంతకానికి నేను మీసేవకు వస్తాను, ఎవరిని అడగాలో నాకు ఎరుకే, సర్కారు ఆఫీసులో పనిచేసినదాన్ని అన్నాను. “మీ అబ్బ నన్ను చెల్లె అంటుండె” అని కూడా అన్నాను. అప్పటి నుంచి ఆ పిల్ల నన్ను అత్తమ్మా అనడం మొదలుపెట్టింది.

ఎట్లా పోయాడని అడిగాను.

“నడుం బొక్కల క్యాన్సర్ అత్తమ్మా. ఆఖరుకు దవాఖానల పెట్టినం.” గొంతు తగ్గించింది. “అబ్బ ఎప్పుడు గట్టిగ మాట్లాడిన మనిషి గాదు. అక్కడ మాత్రం మస్తు మొత్తుకున్నడు. పక్క మంచాలోళ్లందరు జూస్తుండ్రు. నాకు సిగ్గనిపించింది. ఊకో అబ్బా, ఊకో, అందరు జూస్తున్నరు అని నేనే అన్న. అబ్బ ఏమన్నడో ఎరుకేనా? ‘ఊకోను బిడ్డా. నేను ఊకుంటె నొప్పి ఉన్నదని ఎవరికి తెలుస్తది?’ అని ఇంకా గట్టిగ మొత్తుకున్నడు. డాక్టర్ ఉరికొచ్చి మందు పెంచిండు. గప్పుడు నిమ్మళించిండు.”

నేను ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా అదుముకున్నాను. అన్నా, మంచి పని చేసినవ్. గట్టిగ మొత్తుకున్నవ్. అది నీ ఒక్కడి అరుపు కాదని ఆ వార్డులో ఎవరికి తెలుస్తుంది?

“మందు పడ్డంక కండ్లు ఎట్లుండె బిడ్డా?” అని అడిగాను.

అదేం ప్రశ్న అనలేదు ఆ పిల్ల. “సగం మూసుకున్నడు. నిద్రొచ్చినట్టుండె. నా దిక్కే చూసుకుంట పండుకున్నడు.”

“అట్లైతె మంచిది.”

“నేను అబ్బ నోరు మూయించబోయిన అత్తమ్మా” అంది. అని ఏడవడం మొదలుపెట్టింది. నెల రోజులుగా ఎవరెవరు ఆపారో ఆ ఏడుపును, ఒక్కసారిగా వచ్చింది. ఊకో బిడ్డా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ పిల్ల ఏడుస్తోంది. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను.